వెదురుపొదలో విల్లు

ఆత్మకూరునుండి దోర్నాల పోవు త్రోవలో, బైర్లూటి గూడెము దాపున, నల్లమల కొండవాలు నంటుకొని వెదురు దట్టముగా నుండును. కొన్ని యేండ్ల క్రిందట ఒక మార్గశిరమాసపు ఉదయమున, ఒక చెంచు వృద్ధుని వెంట నేనా పొదలలో తిరిగితిని. నరకుటకు పోయినవారము కాము. వింటికి పనికివచ్చు వెదురు నెట్లు గుర్తింతురో కన్నులార చూడవలెనని నేను వేడగా, ఆయన దయతలచి చూపుటకు వచ్చెను. ఒక పొద చుట్టును రెండుమారులు తిరిగెను. చేతనున్న చిన్నకొడవలి పిడితో ఒక్కొక్క బొంగును మోకాలియెత్తున తట్టెను. తట్టిన ప్రతిసారియు తల యించుక వాల్చి వినెను. ఏమియు ననక మరియొక పొదకు నడచెను. ఇట్లు ముప్పది బొంగులైనను తట్టియుండును. నా యోపిక సడలి, "ఏం తాతా, ఇన్నుండాయి గదా, ఒగటీ నచ్చల్యా?" అంటిని. ఆయన వెనుదిరిగి చూడకయే, "ఉండేటివి బొంగులు సామీ. విల్లు ఇంగా అగుపడల్యా" అనెను.

విల్లు కొనుట యను మాట నల్లమలలో పుట్టినది కాదు. కర్నూలు కడప మండలముల పల్లెలవారు సంతకు పోయి వెలయిచ్చి తెచ్చుకొనునవి కుండలు, కంబళ్ళు, నాగటికర్రులు మొదలుగా నెన్నియో యుండెను గాని, కొండమీది విల్లు ఆ వరుసలో చేరలేదు. తన వింటి సామగ్రిలో చెంచువాడు మారకమిచ్చి తెచ్చుకొనునది ములికి యొక్కటియే. ఇనుము పని చెంచుల వృత్తి కాదు గనుక, అడవిలో దొరకిన తేనెయో జిగురో ఇచ్చి, దిగువ నున్న ఊరి కమ్మరి కొలిమినుండి కత్తిని, గొడ్డలిని, బాణపు ములికిని తెచ్చుకొనెడివాడు. తక్కిన బద్దయు, నారియు, అమ్ముకోలయు, పింజెయు అడవి యిచ్చినవే. కావున అతనికి విల్లు సంపాదించుట యనగా విల్లు నెన్నుకొనుటయే. ఆ యెన్నిక కంటితోను, చెవితోను, చేతితోను జరిగెడిది. మనదేశపు విలువిద్యను గూర్చి వ్రాసినవారు గురిని వర్ణించిరి, వీరులను కీర్తించిరి. వెదురుపొద యొద్ద నడచిన ఈ నిదానపు విద్యను తలచినవారు అరుదు. విలుకాని నేర్పులో సగము బద్ద చేత పట్టకముందే తేలిపోవునని నా దృఢవిశ్వాసము.

ఈ సీమలో వేట యెంత ప్రాచీనమో చెప్పుటకు మట్టియే సాక్షి. బనగానపల్లె ప్రాంతమున జుఱ్ఱేరు లోయలోని జ్వాలాపురమున, నేటికి 35,000 సంవత్సరముల నాటినుండి మనుష్యులు చెక్కిన సన్నని రాతిపలుకులు బయల్పడినవి. గోటియంత చిన్నవై, కర్రకు పొదిగి వాడుటకు తగిన యట్టి పలుకులు ఎన్నడో అమ్ముల మొనలకు అమరియుండవచ్చునని పురావిదుల యూహ. రాయి నిలిచినది, కర్ర మన్నులో కలిసినది. వింటి చరిత్ర కంతటికిని ఇదియే కష్టము: చెదలు తినునది, చివుకునది, విరిగిన దినమున పొయ్యిలోనికి పోవునది యగుటచేత విల్లు తన యానవాలు మిగుల్చుకొనదు. అందుచేత మనము శాస్త్రములను, శిల్పములను, బ్రదికియున్న చేతులను కలిపి చదువుకొనవలసియున్నది.

శాస్త్రములలో మొదట అర్థశాస్త్రము తలపునకు వచ్చును. కౌటిల్యుడు ఆయుధాగారమును గూర్చి చెప్పునపుడు, తాటిమ్రానితో చేసినది, వెదురుతో చేసినది, దారువుతో చేసినది, కొమ్ముతో చేసినది యని విండ్లను నాలుగు తెఱగులుగా విభజించెను. నారికి మూర్వ, జిల్లేడు, జనుము, గవేధువు, వెదురు, స్నాయువు అను ఆరింటిని పేర్కొనెను. మూర్వకు మన పెద్దలు చాగ యని అర్థము చెప్పుదురు. ఈ పట్టిక చదివినపుడెల్ల నాకు రాయలసీమ గట్లు కన్నులకు కట్టును. జిల్లేడు లేని గట్టు ఇచ్చట ఏది? తాటితోపు, వెదురు, చాగపొద, జనుము చేను అన్నియు ఒక్కనాటి నడకలోనే యెదురగును. పాటలీపుత్రపు మంత్రి రాజుగారి కొట్టునకు సమకూర్చుకొనుమన్న వస్తుజాతము ఈ మెట్టసీమ బీదవాని కాలిక్రిందనే యుండెను. నారి యను మన తెలుగుమాటలోనే నార కానవచ్చుచున్నది.

క్రీస్తుశకము రెండవ శతాబ్దమున అరియన్ అను గ్రంథకర్త, అలెగ్జాండరు నావికాధిపతియైన నియార్కసు చెప్పిన దానిని ఆధారముగా గొని, భారతీయ పదాతుల విల్లు మనుష్యుని యంత పొడవుండుననియు, దాని క్రిందికొనను నేలపై నిలిపి యెడమకాలితో నదిమి నారి లాగుదురనియు, వారి యమ్ము ఇంచుమించు మూడు మూరల నిడివి గలదనియు వ్రాసెను. అగ్నిపురాణములోని ధనుర్వేద భాగమున నాలుగు మూరల విల్లు ఉత్తమము, మూడున్నర మధ్యమము, మూడు మూరలది అధమము అను కొలత గలదు. ఈ రెండును బయలున నిలిచి పోరు సైనికుని దృష్టితో పుట్టిన మాటలు. నల్లమలలో నిలువెత్తు విల్లు పట్టి పది యడుగులు నడచువానికి తెలియును, ప్రతి తీగెయు ప్రతి కొమ్మయు దాని కొప్పును పట్టుకొని లాగుచునే యుండును. నేను చూచిన వృద్ధుడు వింటి నిడివి తన గదుమవఱకే యని కొలిచి చూపెను. అది సుమారు మూడు మూరలు. శాస్త్రము అధమమన్న కొలత అడవిలో ఉత్తమ మగుచున్నది. శాస్త్రకారుని యందు దోషము లేదు. ఆయన కొలిచిన నేల వేఱు.

కాని మఱియొక చోట శాస్త్రమును గూడెమును ఆశ్చర్యకరముగా ఏకీభవించుచున్నవి. వసిష్ఠుని పేర నున్న ధనుర్వేదమునందును, 1363 ప్రాంతమున కూర్చబడిన శార్ఙ్గధరపద్ధతి యందును వింటికి తగిన వెదురు లక్షణములు చెప్పబడినవి. మిక్కిలి ముదిరి జీర్ణించినది తగదు, పక్వము కానిది తగదు, కాలినది, రంధ్రము పడినది తగదు, పై మెడ యొద్దను క్రింది తలమందును గనుపు ముడి యుండరాదు. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది కనుపులు శుభములు. నాలుగు, ఆరు, ఎనిమిది వర్జ్యములు. కనుపుల లెక్కలో శుభాశుభముల మాట యెట్లున్నను, దానియందు పనివాని యుక్తి యొకటి దాగియున్నదని నాకు తోచును. కనుపులు బేసి యైనపుడు ఒక కనుపు సరిగా నడుమ పిడికిటికి వచ్చును. వంగవలసిన రెండు రెక్కలకును కనుపులు సమముగా పంచబడును. సరిసంఖ్య యైనచో నడుమ మెత్తని కణుపునడిమి భాగము పడి, పట్టుచోటనే బద్ద బలహీన మగును. బేసిసంఖ్యకు శుభమని పేరిడి నిలుపుకొనినవాడు ఎవడో గాని, వాడు తప్పక కత్తి పట్టిన చేయి గలవాడే.

అన్నింటికంటె మిన్నయైన సూత్రము మఱియొకటి యా గ్రంథములందే యున్నది: విలుకాని విల్లు వాని బాహుబలమునకు కొంచెము తక్కువగా నుండవలెను. వింటితో పెనగులాడువాడు లక్ష్యమును చూడలేడు. నేడు ధనుర్విద్య నభ్యసింపదలచి విల్లు కొనవచ్చు బాలునకు శిక్షకుడు చెప్పు మొదటిమాటయు ఇదియే. తన శక్తికి మించిన విల్లు తెచ్చుకొన్నవానికి మొదట భుజము పోవును, పిదప గురి పోవును, తుదకు ఉత్సాహము పోవును.

వెదురు విషయమున మన సీమకు ఒక భాగ్యమున్నది. దీనిని చెప్పుకొనుటకు మనము సంకోచింతుము, ఏలయన అది కరవుతో ముడిపడిన భాగ్యము. నల్లమలలో వింటికి కోరదగిన జాతి సాధనపు వెదురు. నీరు సమృద్ధిగా దొరకు లోయలలో ఇది త్వరితముగా బలిసి లోపల డొల్లయగును. రాతిగుట్టలపై, వానలు వెనుకంజవేయు చోట, నిదానముగా పెరిగి గోడ మందమై, ఒక్కొక్కటి లోన రంధ్రమే లేనంత గట్టిపడును. దాని నార యంతయు పైచర్మమును ఆనుకొని దట్టముగా పేరుకొనియుండుటచేత, బద్దను లోపలివైపునుండి చెక్కుకొని వచ్చి, నునుపైన పైచర్మమును గీటు పడకుండ కాపాడుకొందురు. కావున లోయలో వాలిన లావుపాటి బొంగుకంటె గుట్టమీద నెండకు మాడిన సన్నని బొంగే మేలు. పొలము పండని చోట విల్లు పండినది.

ఇంగ్లండు దేశపు పొడవువిల్లు కథయు దీనికి దగ్గరగా నున్నది. 1415లో అజిన్‌కోర్టున ఆ దేశపు విలుకాండ్రు ఫ్రెంచి ఆశ్వికదళమును కూల్చిన సంగతి లోకవిదితము. అట్టి విండ్లకు కావలసిన యూ వృక్షపు దూలములలో మేలైనవి చలికొండలపై సన్నని వలయములతో మెల్లగా పెరిగిన చెట్లనుండి వచ్చెడివి. స్వదేశమున చాలక వానిని పరదేశములనుండి తెప్పించుకొనవలసి వచ్చెను. అందులకై 1472లో శాసనము చేసి, దిగుమతి యగు సరకులో ప్రతి టన్నునకు నాలుగు వింటిదూలములు తేవలెనని నావికులను నిర్బంధించిరి. 1545లో మునిగి 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ అను యుద్ధనౌకలో నూటికి పైబడిన విండ్లు దొరకినవి. వానిలో పెక్కింటి నిడివి ఆరడుగులకు మించినది. రాజాజ్ఞలతోను ఓడలతోను ఒక దేశము సమకూర్చుకొన్న దానిని, బైర్లూటి వృద్ధుడు కొడవలిపిడితో తట్టి వెదకుచుండెను. రెండుచోట్లను వెదకినది ఒక్కటే గుణము: తొందరపడక పెరిగిన కర్ర.

ఇక ఆ తట్టుటలో నేమున్నదో చెప్పవలెను. మొదటి యేటి బొంగుపై తెల్లని బూడిద యంటియుండును. దొప్పలు ఇంకను కాండమును విడువవు. తట్టినచో తడిబట్టపై కొట్టినట్లు మొద్దుగా పలుకును. రెండవ యేట దొప్పలు రాలి పచ్చదనము తేటపడును. మూడవ యేడు గడచిన బొంగు మెఱుపు తగ్గి, అచ్చటచ్చట పాచిమచ్చలు పొడచూపి, తట్టగానే బిగువుగా పలుకును. అంతకు మించి ముదిరినది పెళుసు. వెదురు పూసిన యేడు వింటి మాటయే యెత్తరాదు. కొన్ని దశాబ్దముల కొకమారు ఒక్కపెట్టున పూచి, కరవునాడు కడుపు నింపు వెదురుబియ్యమునిచ్చి, పొదలన్నియు ఎండిపోవును. వానలు వెనుకబడి చలి ముదిరినపుడు, అమావాస్య దాపున కొట్టిన వెదురు పుచ్చదని మన పల్లెలలో చెప్పుదురు. తిథి సంగతి యటుంచినను, ఋతువు మాట నిజము. బొంగులో పిండిపదార్థము మెండుగా నున్నపుడు పురుగు త్వరగా చేరును.

వృద్ధుడు ఆనాడు తన గుడిసె చూరునుండి తీసి చూపిన విల్లు నా చేతిలో ఎంత తేలికగా నుండెనో! పొగచూరి నల్లనై, పిడికిలి పట్టుచోట నెన్నియో యేండ్ల చెమటతో గాజువలె నునుపెక్కియుండెను. నారి దించియుండెను, పనిలేనప్పుడు నారి యెక్కించియుంచిన బద్ద అలసి వంగిపోవునట. ఒక కొప్పు యొద్ద నార చీలకుండ సన్నని దారము చుట్టియుండగా, ఆ చుట్టులో ఒక్కటియు మరియొకదానిపై ఎక్కలేదు. విడిచినచో పాడగునేమోయను భయముతో నేను రెండుచేతుల పట్టుకొనగా, "అది ఇరగదు సామీ, మంచిగ వంచు" అని నవ్వెను.

రాజుల విండ్ల కథ వేఱు. కొమ్ముతోను స్నాయువుతోను అతికి కట్టిన సింగిణి విల్లు ధనవంతుల సొత్తు. దానిని చేయువారు వేఱు, కొనువారు వేఱు. 1520 ప్రాంతమున విజయనగరమున శ్రీకృష్ణదేవరాయల సైన్యమును చూచిన పోర్చుగీసువాడు డొమింగో పాయస్, బంగారు వెండి రేకులు తొడిగిన విండ్లను, చక్కగా పింజెలు కట్టిన అమ్ములను పేర్కొనెను. అట్టి రాజ్యమేలిన వంశములే పెంచిన శ్రీశైల ప్రాకారపు గోడపై గజాశ్వముల బారులతోపాటు వేట ఘట్టములును, కిరాతరూపుడైన శివునితో నర్జునుడు పోరిన కథయు చెక్కబడియున్నవి. యాత్రికులు దర్శనపు తొందరలో ఆ గోడను దాటిపోవుదురు. విలువిద్యయందు ఆసక్తి గలవాడు మాత్రము ప్రదక్షిణమునకు ఒక పూట కేటాయింపవలెను. వేటగాండ్రును, విల్లు పట్టిన శివుడును ఆ శిలలపై నిలిచియున్నారు. శ్రీశైల మల్లన్నను తమ యల్లుడని చెంచులు చెప్పుకొనుటలో వింతయేమున్నది?

కడపసీమకు తిన్నడున్నాడు. కన్నప్పగా పూజింపబడు ఆ వేటగాని జన్మస్థానము పొత్తపినాటి ఉడుమూరని కథ. పొత్తపి చెయ్యేటి యొడ్డున నేటికిని ఊరుగా నున్నది, రాజంపేట దాపునగల ఊటుకూరే ఆ ఉడుమూరని స్థానికుల విశ్వాసము. అటు అహోబిలమున నృసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడెను. కనుమనాడు మొదలగు పారువేట యుత్సవమున స్వామి పల్లకి యెక్కి ముప్పదికి పైబడిన గ్రామములు తిరిగి, నలువది దినములకు పైగా తన కల్యాణమునకు ప్రజలను పిలిచి వచ్చును. అందు చెంచులు విల్లంబులతో నిలిచి బాణము విడిచి తమ యింటి యల్లునికి మర్యాద చేయుదురు. దేవుడు పెండ్లిపిలుపునకు బయలుదేరుటకు వేటయని పేరుండుట ఈ సీమకే చెల్లినది.

వేట నిలిచిపోయిన కథను క్లుప్తముగనే చెప్పెదను. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కుంపిణీకి విడిచిన పిమ్మట, కలెక్టరు థామస్ మన్రో పాలెగాండ్రను అణచి, వారి సాయుధ పరివారమును చెదరగొట్టెను. 1839లో కర్నూలు నవాబు రాజ్యమును కుంపిణీలో కలిసెను. 1882 నాటి మద్రాసు అటవీశాసనముతో కొండపై కట్టె కొట్టుట కూడ అనుమతి వేడవలసిన విషయమయ్యెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించెను. 1983లో నాగార్జునసాగరము శ్రీశైలముల నడిమి యడవి పులుల రక్షణప్రాంతములలో చేరెను. పులిని కాపాడుట ధర్మమే; కాని ఆ పులితో వేలయేండ్లు కలిసి బ్రదికినవాని చేతినుండి విల్లు జారిపోవుట చూచి మనసు కలుక్కుమనక మానదు.

చెంచులు కేవలము మాంసాహారమున బ్రదికినవారను భ్రమ మాత్రము మనము విడువవలెను. 1940లో వారి నడుమ నివసించి 1943లో గ్రంథము ప్రకటించిన మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, వారి యాహారమున అడవిగడ్డలకే పెద్దపీటయని చూపెను. దినదినమును కడుపు నింపినది ఆడువారి చేతిలోని గడ్డలు త్రవ్వు కర్ర. వింటికి గౌరవము దక్కెను, ఆ కర్రకు దక్కలేదు. ఇది మనమందఱము చేసిన యన్యాయము.

నేడు విజయవాడ బిడ్డ జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచిన కాంపౌండు విల్లు కప్పీలు తీగెలు గల యంత్రము. అయినను జాతీయపోటీలలో ఇండియన్ రౌండ్ పేరిట 30, 50 మీటర్ల దూరమున వెదురువిల్లు ఇంకను పలుకుచున్నది. అట్టి విల్లు కొనబోవు తండ్రులెవరైన ఇది చదివినచో నాదొక ప్రార్థన: రంగును చూడకుడు, కనుపులను లెక్కింపుడు, గోటితో తట్టి వినుడు, బిడ్డచే కొన్ని క్షణములు లాగి పట్టించి వాని భుజము వణకుచున్నదేమో చూడుడు.

ఆనాడు మధ్యాహ్నము దాటిన పిమ్మట, గుట్ట నడినెత్తిన, బండల సందున నున్న చిన్నపొద యొద్ద వృద్ధుడు ఆగెను. ఒక బొంగును తట్టెను. మరల తట్టెను. చేయి చాచి కనుపులపై బొటనవ్రేలు నడపుచు ఐదు లెక్కించెను. నిటారుగా నిలిచి తన గదుమకు సరిచూచుకొనెను. ఆయన ముఖము విప్పారెను. నేను సంతోషముతో ముందుకు వచ్చి ఆ బొంగును పట్టుకొని, "ఇదేనా తాతా, నాకు సరిపోతాదా?" అని యడిగితిని. ఆయన నా ముంజేతిని తన రెండు వ్రేళ్ళతో చుట్టి చూచి, తల యడ్డముగా ఆడించెను.

"ఇది నాది సామీ. నీ చేతికి ఇంత బిరుసు ఆగదు. నీది ఇంగొగటి ఉంటాది, దా" అని మరియొక పొదవైపు నడచెను.